చీటీ ఇచ్చి సప్పుడు చేయకుండ పోకుండ్రి: మెడికల్ షాపు మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికల "మీ ఊరి మెడికల్ షాపాయన మీకు ఏమేం చెప్పగలడు, ఏం చేయొద్దు" అని ఒక చిన్న ముక్క రాసి ప్రశ్నలుంటే పంపుండ్రి అని అన్న. ఇన్ని వస్తయని అనుకోలే. నల్లగొండల ఇరవై రెండేండ్ల సంది కౌంటర్ ఎనుక నిలబడ్డ ఫార్మసిస్టును నేను, డాక్టర్ను కాదు, అందుకే కొన్నిట్ల "దవాఖానకు పోండ్రి" అనే మాటే జవాబు అయితది, దానికి ఏమనుకోకుండ్రి. పేర్లు తీసేసి ఊర్లు మాత్రం ఉంచిన.

ప్రశ్న: మా బిడ్డ ఇంగ్లండ్‌ల ఉంటది. అక్కడ పిలగాని చెవినొప్పికి డాక్టర్ కాడికి పోకుండ ఫార్మసీల్నే చూపించి మందు తెచ్చిందట. మన దగ్గర మెడికల్ షాపులల్ల గట్ల ఎందుకు చూడరు? చూస్తే మాకు పట్నం పోయే తిప్పలు తప్పుతయి కద.
— ఒక అమ్మ, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, మీ బిడ్డ చెప్పింది నిజమే. ఇంగ్లండ్‌ల 2024 జనవరి ఆఖర్ల "ఫార్మసీ ఫస్ట్" అని మొదలువెట్టిండ్రు. గొంతునొప్పి, సైనస్, పిల్లల చెవినొప్పి, పురుగు కుట్టి చీము పట్టుడు, ఆడోళ్లకు మూత్రంల మంట, ఇట్లాంటివి మొత్తం ఏడు జబ్బులకు అక్కడి ఫార్మసిస్టు లోపల రూములకు తీస్కపోయి చూసి, అవసరమైతే యాంటీబయాటిక్ కూడ ఇయ్యొచ్చు. దానికి వాళ్లకు ట్రైనింగ్ ఉంటది, రాసిపెట్టిన పద్ధతి ఉంటది, ఏ వయసోళ్లకు ఇయ్యాలె ఎవరికి ఇయ్యొద్దు అని గీత గీసి ఉంటది, ఆ గీత దాటితే వాళ్లు కూడ డాక్టర్ కాడికే పంపుతరు.

మన చట్టం వేరే. 1948 ఫార్మసీ యాక్ట్ ప్రకారం డాక్టర్ చీటీ మీద మందు ఇచ్చే పని రిజిస్టర్డ్ ఫార్మసిస్టుది, జబ్బు పేరు పెట్టి మందు రాసే పని డాక్టర్‌ది. సూది ఏసుడు, సెలైన్ ఎక్కించుడు మెడికల్ షాపుల చేసే పనులు కావు, ఎవలన్న చేస్తమంటే కూసోకుండ్రి. కని ఒక్క మాట చాలమందికి తెల్వదు. 2015ల వచ్చిన ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్‌ల పేషెంటుకు మందు గురించి ఇడమర్చి చెప్పుడు ఫార్మసిస్టు డ్యూటీ అని రాసి ఉన్నది. అంటే గోలీ ఎప్పుడు ఏస్కోవాలె, దేనితోని కలిపి ఏస్కోవద్దు, ఏం తేడా వస్తే ఆపాలె, ఇవన్ని మీరు అడిగితే చెప్పుడు మా దయ కాదు, మీ హక్కు. గద్దె మీద పిలగాడు చీటీ గుంజుకొని గోలీలు కవర్ల ఏసి పైసలడిగితే, "ఫార్మసిస్టు ఎవరు తమ్మీ, ఈ గోలీ ఎట్ల ఏస్కోవాల్నో జర పిలువు" అని నిలబడుండ్రి. గోడ మీద సర్టిఫికెట్ ఫోటోతోని ఫ్రేమ్ కట్టి ఉంటది, ఆ ఫోటోల మనిషి షాపుల ఉండాలె. ఆయన లేకుండనే రోజూ నడుస్తున్న షాపు మీద తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ వాళ్ల టోల్ ఫ్రీ 1800-599-6969కు చెప్పొచ్చు, నకిలీ మందు అని అనుమానమొచ్చినా అదే నంబర్.

ప్రశ్న: మాది మర్రిగూడ దగ్గర పల్లె. మా నాయినకు 64 ఏండ్లు, చిన్నప్పటి సంది బోరు నీళ్లు తాగినోడు, మోకాళ్లు, నడుము వంగవు. రోజూ మెడికల్ల రెండు నొప్పి గోలీలు తెచ్చి ఇస్తున్నం, ఏస్కుంటేనే లేస్తడు. బీపీ గోలీ కూడ ఉన్నది. నడుమ నడుమ ఊర్లె ఒకాయన కాగితం పొట్లంల గోలీలు ఇస్తడు, అవి ఏస్కుంటే పిలగాని లెక్క నడుస్తడు. ఇట్ల ఎన్ని దినాలు ఏయొచ్చు?
— ఒక కొడుకు, మర్రిగూడ మండలం

జవాబు: తమ్మీ, ఈ నెల వచ్చిన ఉత్తరాలల్ల నన్ను నిద్రపోనియ్యంది నీదే. ఎందుకంటే ఇదే తప్పు నేను చేసిన. పదేండ్ల కింద మీ దిక్కు నుంచే ఒక పెద్దమనిషి నెలకోసారి వచ్చి రెండు స్ట్రిప్పులు నొప్పి గోలీలు కొనుక్కపోయేటోడు, పాత చీటీ చూపెట్టేటోడు, నేను ఇచ్చేటోన్ని. ఏడాది దాటింది. ఒకదినం ఆయన కాళ్లు చూసిన, బూరెల్లెక్క ఉబ్బినయి. కిడ్నీ టెస్టు చేయించుకో బాపు అని అప్పుడు చెప్పిన, ఏడాది ముందుగాల చెప్పాల్సింది. రిపోర్టు మంచిగ రాలే. గప్పటి సంది నొప్పి గోలీ అడిగిన ప్రతి ముసలాయనను, "ఇంకా ఏమేం ఏస్కుంటున్నవ్ బాపు" అని అడగంది ఇస్తలేను.

సంగతేందంటే, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ అసొంటి నొప్పి గోలీలు నొప్పిని ఆపే పనితోని పాటు కిడ్నీకి పోయే రక్తాన్ని కూడ తగ్గిస్తయి, ఒంట్ల నీళ్లు, ఉప్పు పట్టి ఉంచుతయి, బీపీని పెంచుతయి, కడుపుల పుండు చేస్తయి. నాలుగు దినాలకు మామూలుగ ఏం కాదు. నెలలకు నెలలు అయితే, దానికి తోడు టెల్మిసార్టాన్ అసొంటి బీపీ గోలీ, మూత్రం ఎక్కువ పోయేటట్టు చేసే గోలీ కూడ ఉంటే, మూడు కలిసి కిడ్నీ మీద ఒక్కసారి పడ్డట్టు అయితది. ఎండాకాలం చెల్కల పనిచేసి చెమట పోయి నీళ్లు తక్కువైన మనిషికి ఇంకా జల్ది అయితది. మీ నాయిన బీపీ గోలీ స్ట్రిప్పు మీద ఏం పేరు రాసి ఉన్నదో చూసి మీ ఫార్మసిస్టుకు చూపియ్యి, మెడికల్ల కొన్న నొప్పి గోలీ పేరు కూడ. ఆ రెండు గోలీలు కలిపి ఏస్కోవచ్చా వద్దా ఆయనే చెప్తడు.

ఇగ పొట్లం గోలీలు. పేరు లేని, స్ట్రిప్పు లేని, కాగితంల కట్టి ఇచ్చే గోలీ ఏస్కుంటే ఒక్క పూటల పిలగాని లెక్క నడుస్తడంటే దాంట్ల స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చని నాకు గట్టి అనుమానం. అది మొదలు మంచిగ అనిపిస్తది, తర్వాత మొకం ఉబ్బుతది, షుగర్ పెరుగుతది, ఎముకలు మెత్తబడతయి, అసలే ఎముకల జబ్బున్న మనిషికి. ఇంకోటి జాగ్రత్త: చాన నెలల సంది ఏస్కుంటుంటే పటుక్కున బంద్ పెట్టొద్దు, ఒంట్ల తయారయ్యే సొంత స్టెరాయిడ్ అప్పటికి ఆగి ఉంటది, కండ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉన్నది. పొట్లంతోని సహా పట్టుకొని సర్కారు దవాఖానకు పో, డాక్టర్ మెల్లగ తగ్గిస్తడు.

బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎముకలకు ఎక్కి వచ్చే ఫ్లోరోసిస్ గురించి కూడ నిజం చెప్పాలె. ఎముకల ఎక్కిన ఫ్లోరైడ్‌ను తీసేసే గోలీ లేదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు దిక్కు బోరు నీళ్లల్ల లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటి ఫ్లోరైడ్ ఉన్న ఊర్లు ఎన్నో, అది దాటితే తాగొద్దని లెక్క. ఈ జిల్లా పేరు మీదనే "నల్గొండ టెక్నిక్" అని పటిక, సున్నం ఏసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కూడ ఉన్నది, జిల్లా పేరు గిట్ల తెలుసుకోవాల్సి వచ్చినందుకు నాకు ఇప్పటికీ కడుపుల కలుక్కుమంటది. ఇప్పుడు మిషన్ భగీరథ కృష్ణ నీళ్లు వస్తున్నయి కాబట్టి తాగుటానికీ, వంటకూ కూడ ఆ నీళ్లే వాడుండ్రి. చాలమంది తాగుటానికి నల్లా నీళ్లు పట్టి, అన్నం కూర బోరు నీళ్లతోనే వండుతరు, అట్లయితే ఫ్లోరైడ్ మల్ల లోపలికే. పాలు, పెరుగు, రాగి అంబలి, ఆకుకూరలు రోజూ తినాలె, కాల్షియం మంచిగ ఉంటే ఫ్లోరైడ్ తక్కువ ఎక్కుతది.

మరి నొప్పికి ఏం చేయాలె అంటవా? డాక్టర్ను అడిగి పారాసిటమాల్ మీదికి మారొచ్చా చూడు, కిడ్నీకి అది ఈటికంటే నయం. అయితే అది కూడ రోజుకు 3 గ్రాములు దాటొద్దు, తాగే అలవాటు ఉంటే ఇంకా తక్కువ. ముందుగాల మాత్రం కిడ్నీ ఎట్ల పనిచేస్తున్నదో చూసే క్రియాటినిన్ టెస్టు. పీహెచ్‌సీల రక్తం ఇస్తే సర్కారు డయాగ్నస్టిక్స్‌ల పైసలు లేకుండనే చేస్తరు. రేపే తీస్కపో తమ్మీ.

ప్రశ్న: పాపకు ఏడాది రెండు నెలలు, 9 కిలోలు ఉంటది. జ్వరం మందు డాక్టర్ 5 ఎంఎల్ రాసిండు, పోయినసారి సీసా అయిపోతే మెడికల్ల వేరే సీసా ఇచ్చిండ్రు, అది చిన్నగ ఉన్నది, ముక్కుల ఏసే చుక్కల మందు లెక్క. అదే 5 ఎంఎల్ పోయొచ్చా? దగ్గుకు కూడ ఏదన్న సిరప్ చెప్పుండ్రి. మొన్న విరేచనాలు అయితే టెట్రా ప్యాక్ ఓఆర్ఎస్ తాపిచ్చిన, మంచిదేనా?
— ఒక చెల్లె, దేవరకొండ

జవాబు: చెల్లే, ముందు ఆ చిన్న సీసా పక్కకు పెట్టు, 5 ఎంఎల్ పోయకు! చిన్నగ ఉన్నది అంటే అది డ్రాప్స్ అయ్యుంటది. పారాసిటమాల్ మూడు తీర్ల దొరుకుతది. ఒకటి 5 ఎంఎల్‌ల 120 ఎంజీ ఉండే సిరప్. ఇంకోటి 5 ఎంఎల్‌ల 250 ఎంజీ ఉండే సిరప్, పెద్ద పిల్లలకు. మూడోది డ్రాప్స్, దాంట్ల ఒక్క ఎంఎల్‌ల్నే 100 ఎంజీ ఉంటది, అంటే 5 ఎంఎల్ పోస్తే 500 ఎంజీ, పెద్ద మనిషి గోలీ అంత! పిల్లలకు లెక్క బరువు మీద, కిలోకు 10 నుంచి 15 ఎంజీ ఒక్కసారికి. మీ పాప 9 కిలోలు కాబట్టి 90 నుంచి 135 ఎంజీ. 120 సిరప్ అయితే 5 ఎంఎల్ సరిపాయె, మీ డాక్టర్ రాసింది గదే. 250ది అయితే రెండున్నర ఎంఎల్ పోస్తే 125 ఎంజీ, అది చాలు, దాటొద్దు. డ్రాప్స్ అయితే ఒక ఎంఎల్, దాంట్ల వచ్చే డ్రాపర్‌తోనే కొలువు, చాయ చెంచతోని కాదు. రెండు డోసుల నడుమ 6 గంటలు ఉంచు, కనీసం 4 గంటలన్న, రోజుకు నాలుగు సార్లు దాటొద్దు. సీసా మారినప్పుడల్ల మెడికల్ల పాప బరువు చెప్పి, "ఈ సీసాల ఎన్ని ఎంఎల్" అని అడిగి, సీసా మీద పెన్నుతోని రాయించుకో. మా షాపుల నేను స్టిక్కర్ మీద రాసిస్త, ఐదు నిమిషాల పని కూడ కాదు. మూడు నెలల లోపు పిల్లకు జ్వరమొస్తే మాత్రం సిరప్ ముచ్చటే లేదు, నేరుగ దవాఖాన.

దగ్గు సిరప్ చెప్పను చెల్లే, కోపం చేస్కోకు. రెండేండ్ల లోపు పిల్లలకు దగ్గు జలుబు సిరప్‌లు రాయొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ వాళ్లు 2025 అక్టోబర్‌ల చెప్పిండ్రు, ఐదేండ్ల లోపోళ్లకు కూడ మామూలుగ వద్దనే చెప్పిండ్రు. అప్పుడే కద మధ్యప్రదేశ్ చింద్వాడా దిక్కు డైఎథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిన దగ్గు సిరప్ తాగి చిన్న పిల్లలకు కిడ్నీలు చెడిపోయి ప్రాణాలు పోయినయి. ఆ వార్త చదివిన దినం నేను షాపుల ఉన్న పిల్లల దగ్గు సీసాలన్ని దించి బ్యాచ్ నంబర్లు చూస్కుంట రాత్రి పదకొండు దాకా కూసున్న. మామూలు జలుబు దగ్గు దానంతట అదే తగ్గుతది. ముక్కు దిబ్బడేస్తే సెలైన్ ముక్కు చుక్కలు, గోరువెచ్చని నీళ్లు, ఏడాది దాటింది కాబట్టి రాత్రి పండుకునే ముందు అర చెంచ తేనె పెట్టొచ్చు, ఏడాది లోపు పిల్లకు తేనె వద్దు. రొమ్ము లోపలికి గుంజుకపోతున్నా, ఊపిరి జోరుగ తీస్తున్నా, పాలు తాగకున్నా ఆగొద్దు, పీహెచ్‌సీకో ఏరియా దవాఖానకో ఎత్తుక పోవాలె.

ఇగ టెట్రా ప్యాక్. అసలు ఓఆర్ఎస్ అంటే డబ్ల్యూహెచ్‌వో లెక్క ప్రకారం ఉండే పొడి ప్యాకెట్, ఒక లీటరుకు 20.5 గ్రాములు, ఉప్పు చక్కెర ఎంత ఉండాల్నో అంతే. షాపులల్ల అదే పేరు పెట్టుకొని అమ్మిన తియ్యటి నీళ్లల్ల చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ, దానితోని విరేచనాలు ఇంకా పెరుగుతయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏండ్ల తరబడి ఒక్కతే కొట్లాడింది దీని మీద, 2025 అక్టోబర్‌ల ఆఖరికి తిండి వస్తువులను చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ ఫార్ములా లేని డ్రింకుల మీద ఓఆర్ఎస్ అని రాయొద్దని ఆర్డర్ ఇచ్చింది. మన తెలుగు నేల మీది ఆడిబిడ్డ గెలిచిన కొట్లాట అది, నాకు మస్తు సంబురం అయింది. కాబట్టి మెడికల్ల "డబ్ల్యూహెచ్‌వో ఫార్ములా పొడి ప్యాకెట్" అని అడుగు, పెద్ద ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి ఒక లీటరు కాగి చల్లారిన నీళ్లల్ల కలుపు, సగం సగం కలపకు, ఒక దినం దాటితే పారబోయి. దానితోపాటు జింక్, మీ పాప వయసుకు రోజుకు 20 ఎంజీ, 14 దినాలు, విరేచనాలు ఆగినా ఆపకుండ. రెండూ ఆశ అక్క కాడ, పీహెచ్‌సీల పైసలు లేకుండ దొరుకుతయి.

ప్రశ్న: మా ఇంటాయన ఇరవై ఏండ్ల సంది కల్లు తాగేటోడు. పండుగకు మొక్కుకొని బంద్ పెట్టిండు. రెండో దినం సంది చేతులు వణుకుడు, నిద్ర లేదు, ఎవలో వచ్చిండ్రని అరుస్తున్నడు. మెడికల్ల నిద్ర గోలీలు అడిగితే చీటీ లేకుండ ఇయ్యనన్నడు. మనిషి కష్టంల ఉంటే కూడ ఇయ్యరా?
— ఒక అక్క, జడ్చర్ల

జవాబు: అక్కా, ఆయన ఇయ్యకపోవుడు మీ ఆయన ప్రాణానికే మంచిదైంది. మన పాలమూరు దిక్కు కొన్ని చోట్ల అమ్మే కల్లుల అల్ప్రాజోలం, డైజిపామ్ అసొంటి మత్తు మందులు కలుపుతరని అందరికి ఎరుకే, ఎన్నోసార్లు పట్టుబడ్డది కూడ. అంటే మీ ఆయన ఇన్నేండ్లు తెల్వకుండనే నిద్ర గోలీలు తాగినట్టు. పటుక్కున ఆపితే మెదడు తట్టుకోదు, వణుకుడు, లేనోళ్లు కనవడుడు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి కూడ వస్తది. అందుకే ఇది మొండితనం తోని గెలిచేది కాదు, ఆయన మొక్కు మంచిదే, డాక్టర్ చేతుల పెట్టి తీర్చాలె. ఇయ్యాళ్నే మహబూబ్‌నగర్ సర్కారు పెద్ద దవాఖానకు తీస్కపో, మానసిక డాక్టర్ ఉంటడు, సరైన మందు ఇచ్చి దినదినం తగ్గించుకుంట ఆపుతరు. ఫిట్స్ వస్తే 108. మాట్లాడి ధైర్యం తెచ్చుకోవాల్నంటే టెలీ మానస్ 14416, తెలుగుల మాట్లాడుతరు.

ఆ గోలీలు షెడ్యూల్ హెచ్1 మందులు. చీటీ లేకుండ ఇయ్యొద్దు, ఇస్తే డాక్టర్ పేరు, పేషెంట్ పేరు, ఎన్ని గోలీలు ఇచ్చినమో రిజిస్టర్‌ల ఎక్కించి మూడేండ్లు దాచాలె. ఇంకో షాపుల దొరుకుతయేమో అని తిరగకు అక్కా.

ప్రశ్న: మాది అచ్చంపేట దిక్కు తండా. ఇంట్ల ఫ్రిజ్ లేదు, అమ్మకు ఇన్సులిన్. ఎండకు పాడైతదని భయం.
— ఒక బిడ్డ, అచ్చంపేట

జవాబు: బిడ్డా, విప్పని సీసా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంల ఉండాలె, కాబట్టి ఒక్కోటి మాత్రమే కొను, మిగిలినయి నీ పేరు మీద మెడికల్ ఫ్రిజ్‌ల ఉంచమను, చాల షాపులు ఉంచుతయి, నేనైతే ముగ్గురివి ఉంచిన. వాడుతున్న సీసా నాలుగు వారాల దాకా బయట ఉండొచ్చు, కని మన ఎండ 44 డిగ్రీలు పోతది కద, తండల రేకుల ఇల్లు ఇంకా ఉడుకుతది. పెద్ద రంజన్ల ఇసుక పోసి, దాంట్ల చిన్న కుండ పెట్టి, నడుమ ఇసుకను పొద్దుగాల, మాపు తడుపుకుంట ఉండు. ఇన్సులిన్‌ను నీళ్లు పోని డబ్బల పెట్టి ఆ చిన్న కుండల పెట్టి, మీద తడి గుడ్డ కప్పి నీడకు ఉంచు. మంచు ముక్కల్ల పెట్టొద్దు, గడ్డకడితే అది పనికిరాదు, కరిగినా పనికిరాదు.

నువ్వు అడగని ఒక ముచ్చట, దీనికంటే పెద్దది. సిరంజి మూత ఏ రంగు? సీసా మీద 40 అని ఉంటే ఎర్ర మూత సిరంజి, 100 అని ఉంటే నారింజ రంగు మూతది. 40 సీసాను నారింజ సిరంజిల 20 గీత దాకా గుంజితే పోయేది 8 యూనిట్లే, షుగర్ దిగదు, డాక్టర్ డోసు పెంచుతడు. తిరగబడితే ఇంకా ఘోరం: 100దాన్ని ఎర్ర మూత సిరంజిల 20 దాకా గుంజితే 50 యూనిట్లు పోతయి, మనిషి లేవకపోవచ్చు. సీసా, సిరంజి రెండూ పట్టుకపోయి మెడికల్ల ఒక్కసారి పక్కపక్కకు పెట్టి చూపించు. చెమటలు పట్టి, వణికి, మాట తడబడితే మూడు చెంచల చక్కెర నీళ్లల్ల కలిపి తాపి, పావుగంట చూడు, తేరుకోకుంటే 108, స్పృహ లేకుంటే నోట్ల ఏం పోయకు.

ప్రశ్న: బీపీ గోలీలు. ఏడాదికి ఎనిమిది నెలలు బొంబాయిల పని. అక్కడ మన దగ్గరి గోలీ పేరు దొరకదు, ఆపేస్తున్న. వచ్చినంక మల్ల మొదలు వెడుతున్న.
— కోస్గి నుంచి

జవాబు: అన్నా, ఆపొద్దు. స్ట్రిప్పు మీద పెద్దగ ఉండేది కంపెనీ పెట్టిన పేరు, దాని కింద చిన్న అక్షరాలతోని ఉండేది అసలు మందు పేరు, ఆమ్లోడిపిన్ 5, టెల్మిసార్టాన్ 40, ఇట్ల. బొంబాయిల్నైనా పూనాల్నైనా ఆ చిన్న పేరు, పక్కన ఉన్న అంకె చూపిస్తే ఇంకో కంపెనీది అదే మందు ఇస్తరు. కంపెనీ పేరు ఎనుక ఉండే తోక కూడ చూడు, "హెచ్" అని ఉంటే మూత్రం పోయే మందు కలిసింది, "ఏఎం" అంటే ఆమ్లోడిపిన్ కలిసింది. తోక మారితే మందే మారినట్టు. ఖాళీ స్ట్రిప్పు ఒకటి, చీటీ ఫోటో ఒకటి ఫోన్ల పెట్టుకో. గోలీలు తెంపి ఇచ్చేటప్పుడు తారీఖు ఉన్న దిక్కు నీకు ఇయ్యమను.

పైసల ముచ్చటకు వస్తే, జన్ ఔషధి దుకాణాలు దేశమంత ఉన్నయి, బ్రాండెడ్ దానికంటే చాల సస్తా, "జన్ ఔషధి సుగమ్" యాప్ల దగ్గర్ల ఏది ఉన్నదో చూపిస్తది. ఇంటికాడ ఉన్నప్పుడైతే పీహెచ్‌సీ, పల్లె దవాఖానల్ల బీపీ షుగర్ గోలీలు ఉట్టిగనే ఇస్తరు. పోయే ముందు రెండు మూడు నెలలయి అడుగు. ఒక పూట మరిచిపోతే రెండోపూట రెండు ఏస్కోకు.

ప్రశ్న: ఎక్స్‌పైరీ 08/2026 అంటే ఆగస్టు ఒకటికే అయిపోయిందా?
— మహబూబ్‌నగర్ న్యూటౌన్

జవాబు: కాదు, ఆగస్టు 31 దాకా ఉన్నట్టు. కంటి చుక్కల మందు మాత్రం విప్పినంక నెల దినాలే, తారీఖు ఎంతున్నా.

ప్రశ్న: మూడు వారాలైంది దగ్గు. సాయంత్రం పూట ఒళ్లు వెచ్చబడ్తది, నాలుగు కిలోలు తగ్గిన. పాత చీటీ మీద లీవోఫ్లాక్సాసిన్ గోలీలు, ఒక సిరప్ ఇయ్యమంటే మా మెడికల్ల పిలగాడు ఇయ్యకుండ "ముందు కఫం టెస్టు చేయించుకో" అని పంపిండు. పదిమందిల నాకేదో పెద్ద జబ్బున్నట్టు మాట్లాడిండు. నాకు శానా కోపం వచ్చింది, ఆ షాపుకు పోవుడు బంద్ చేసిన. ఆయన చేసింది తప్పే కద?
— నకిరేకల్

జవాబు: అన్నా, పదిమందిల అన్నది తప్పే, పక్కకు పిలిచి చెప్పాలె. మా కౌంటర్లన్ని రోడ్డు మీదికి ఉంటయి, ముందట నిలబడ్డోళ్లందరికి అన్నీ వినవడ్తయి, ఇది మేం మార్చుకోవాల్సింది. ఒక చిన్న పరదా కట్టినా సాలు.

కని మందు ఇయ్యకపోవుడు ఆయన చేసిన పనులల్ల మంచిది. రెండు వారాలు దాటిన దగ్గు, మాపటి జ్వరం, బరువు తగ్గుడు, మూడూ కలిస్తే టీబీ ఉన్నదో లేదో చూడాల్సిందే. లీవోఫ్లాక్సాసిన్ టీబీ క్రిమి మీద కూడ కొంచెం పనిచేస్తది, పది దినాలు ఏస్కుంటే దగ్గు తగ్గినట్టు అనిపిస్తది, టెస్టుల సరిగ తేలదు, నెలకు రెండు నెలలకు మల్ల తిరగబెడ్తది, అప్పటికి ఇంట్ల పిల్లలకు కూడ అంటుకొని ఉంటది. అదీ హెచ్1 మందే, పాత చీటీ మీద ఇయ్యరాదు. స్ట్రిప్పు మీద నిలువుగ ఎర్ర గీత ఉన్న మందు ఏదైనా సరే, చీటీ లేకుండ అడగకుండ్రి, మా తోని ఇప్పించుకోకుండ్రి.

కఫం టెస్టు సర్కారు దవాఖానల ఉట్టిగనే. పొద్దుగాల లేవంగనే, నాష్టా చేయకముందు, లోపల నుంచి దగ్గి తీసిన కఫం ఇయ్యాలె, ఉమ్మి కాదు. టీబీ అని తేలినా భయపడేది లేదు, మామూలు టీబీకి ఆరు నెలల మందులు సర్కారే ఇస్తది, మంచిగ తినుటానికి నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాల ఏస్తది, 2024 నవంబర్‌కు ముందు అది 500 ఉండె. ఆశ అక్కకో, మీ ఊరి ఫార్మసిస్టుకో చెప్పి వాళ్ల ముందట గోలీ ఏస్కునే పద్ధతి కూడ ఉన్నది, ఒక్క దినం కూడ తప్పకుండ చూస్కోనీకి. ఈ సోమవారమే పోండ్రి. రిపోర్టు ఏది వచ్చినా, ఆ పిలగాని కాడికి ఒకసారి పోయి చూపియ్యుండ్రి, ఆయన ఎదురుచూస్తనే ఉంటడు.